‘మామూలు’ నుంచి ‘మా’ దాకా: నాటకంలో అవినీతి భాష

మన భాషలో లంచానికి ఉన్నన్ని ముద్దుపేర్లు బహుశా పసిపిల్లలకు కూడా ఉండవు. ‘లంచం’ అన్న మాట సంస్కృతంలోనూ ఉన్నదే. కాని ఇచ్చేవాడుగాని పుచ్చుకొనేవాడుగాని ఎదురెదురుగా నిలబడి ఆ మాట వాడడు. ‘మామూలు’ అంటాడు. అరబ్బీనుంచి ఉర్దూమీదుగా మనకు వచ్చిన ఈ మాటకు అర్థం అలవాటుగా జరిగేది అని. ‘దస్తూరు’ అంటే ఆచారం. ‘నజరానా’ అంటే పెద్దలకు సమర్పించే కానుక. ‘బక్షీసు’ అంటే దయతో ఇచ్చేది. ఈ నాలుగింటిలో ఒక్కదానిలోనైనా దొంగతనం వాసన ఉన్నదా? ఒకటి ఆచారం, ఒకటి మర్యాద, ఒకటి దయ, మరొకటి రోజువారీ సంగతి. సొమ్ము చేతులు మారకముందే మాట వేషం మార్చుకొన్నది. రాజ్యంలో అవినీతి మొదట భాషలో జరుగుతుంది, ఆ తరవాతే బొక్కసంలో జరుగుతుందని నాకు తోస్తుంది.

ముప్ఫైయేళ్ళకు పైగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల బడుల్లో తెలుగు చెప్పినవాణ్ణి. వ్యాకరణం, ఛందస్సు, అలంకారాలు నా తిండి. కనుక రాజకీయాలమీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క ప్రశ్నకు మాత్రం నాకు చేతనైన జవాబు వెతుకుతాను: అధికారం కుళ్ళిపోయినప్పుడు ఆ కుళ్ళు భాషలో ఎట్లా కనిపిస్తుంది, నాటకం దాన్ని ఎట్లా పట్టి చూపిస్తుంది?

కావ్యమూ కథా ఉండగా నాటకమే ఎందుకంటారా? కాగితంమీద మాటకు ఒకే గొంతు ఉంటుంది, అది చదువరి గొంతు. రంగంమీద అదే మాటకు చెప్పేవాడి గొంతు ఒకటి, వినేవాడి ముఖం ఒకటి ఉంటాయి. ‘మామూలు’ అని అధికారి నవ్వుతూ అన్నప్పుడు ఎదుటి రైతు చెయ్యి రుమాలు ముడివైపు పోతుంది. మాటకూ చేతికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని కొలవగలిగింది నాటకమే. మన పెద్దలు దానిని దృశ్యకావ్యమన్నది ఊరికే కాదు.

ఇక మా నేల సంగతి. పాల్కురికి సోమనాథుడు పుట్టిన పాలకుర్తి ఇప్పటి జనగామ జిల్లాలోనిదే. సంస్కృత పదగుంఫనకంటె అందరికీ తెలిసే జాను తెనుగే మేలని, ద్విపదే తనకు చాలునని నిలిచిన కవి ఆయన. శ్రీశైల యాత్రికుల ఆటపాటలను, నాటకాలను, బొమ్మలాటలను పండితారాధ్య చరిత్రలో ఎంతో మక్కువతో వర్ణించాడు. దేవుడి ముందరైనా సరే, మాట మాలపల్లెకూ అందాలన్నది ఆయన పట్టుదల. అదే పాలకుర్తిలో ఏడువందల ఏండ్ల తరవాత చాకలి ఐలమ్మ తన కౌలుభూమిలోని పంటకోసం విసునూరు దేశముఖును ఎదిరించింది. సోమనాథుడికీ ఐలమ్మకూ చుట్టరికం కలపడం పండితుల చాదస్తం అనుకోవచ్చు. కాని ఇద్దరి కథలోనూ ఒకే ప్రశ్న ఉన్నది: పెద్దల భాష తెలియనివాడికి దక్కవలసింది దక్కుతుందా?

నిజాం రాజ్యంలో దివాణపు భాష మొదట ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ. ప్రజల్లో సగంమంది దాకా తెలుగువారు. తెలుగు మాట్లాడడమే నవ్వులాటైన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1921 నవంబరులో హైదరాబాదులో కర్వేగారి అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగింది. అది పట్నపు కథ. పల్లెలో భాష అవమానంతో ఆగలేదు, భూమిని మింగింది.

పోయిన శతాబ్దానికి ముందు, సాలార్‌జంగు సంస్కరణల తరవాత, భూముల సర్వే బందోబస్తు జరిగినప్పుడు లెక్కలు తెలిసినవారు దేశముఖులు, దేశపాండ్యాలు, పట్వారీలు. రైతు దున్నే భూమిని తమ పేర రాయించుకోవడానికి వారికి కత్తి అక్కరలేకపోయింది, కలం చాలింది. తెలంగాణ పోరాటంపై పుచ్చలపల్లి సుందరయ్యగారు రాసిన గ్రంథం ఈ సంగతిని వివరంగా చెబుతుంది. విసునూరు దేశముఖు చేతిలో నలభైవేల ఎకరాలున్నాయని అందులోని లెక్క. ఆ కాగితాలలోని మాటలు చూడండి: పట్టా, పహాణీ, జమాబందీ, సేత్వారు, షిక్మీ, ఖబాలా. ఈ ఆరు మాటలూ రైతు బతుకును నిర్ణయించేవే, ఆరింటిలో ఒక్కటీ రైతు నాలుకమీద పుట్టింది కాదు. చివరికి తేదీ కూడా అతనిది కాదు. కాగితంమీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. క్రీస్తుశకంలోంచి ఇంచుమించు 590 తీసివేస్తే వచ్చే లెక్క అది. రైతుకు తెలిసినవి ప్రభవ విభవాది పేర్లు. 1946 మనకు వ్యయ నామ సంవత్సరం, కచేరీకి 1355 ఫసలీ. ఏ యేడు అప్పు తీర్చాడో తన నోటితో చెప్పగలడు, కాగితంలో చూపలేడు. ఇటువంటి చోట అబద్ధం ఆడవలసిన అవసరం కూడా అధికారికి రాదు. చదివి వినిపించకపోతే చాలు.

దీనికి జంటగా రెండవ భాష ఒకటి ఉండేది, అది గడీలోపలి భాష. ‘వెట్టి’ అన్న మాట సంస్కృత ‘విష్టి’నుంచి వచ్చింది, కూలి లేని పని అని అర్థం. కౌటిల్యుడి కాలంనాటి మాట. గడీ ముందర నిలబడ్డవాడు ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అని మొదలుపెట్టాలి. ఆ తరవాతే తన గోడు. వ్యాకరణం చెప్పేవాడిగా నాకు ఈ వాక్యం ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఫిర్యాదు చేసుకోవడానికి నోరు తెరవాలంటే, తాను మనిషిని కానని ముందుగా ఒప్పుకోవాలి. వాది తన తొలి వాక్యంలోనే కేసు ఓడిపోతున్నాడన్నమాట! రెండవ ప్రపంచయుద్ధకాలపు లెవీ ధాన్యంలో చిన్నరైతు గాదె ఊడ్చి, పెద్దల గాదెలు వదిలేసిన లెక్కలన్నీ ఈ రెండు భాషల నడుమనే నడిచాయి. చదవరాని కాగితం ఒకవైపు, చెప్పరాని నోరు ఒకవైపు.

ఈ రెంటినీ దాటడానికి ప్రయత్నించినవాడు బందగీ. దేవరుప్పుల దగ్గరి కామారెడ్డిగూడెం వాసి షేక్ బందగీ తన భూమికోసం న్యాయస్థానానికి వెళ్ళాడు. దివాణపు భాషలోనే, దివాణపు కాగితాలతోనే పోరాడి గెలిచాడు. తీర్పు అతని పక్షాన వచ్చింది. దేశముఖు మనుషులు అతణ్ణి నరికి చంపారు. 1940 ప్రాంతపు మాట ఇది. దారి పక్కన ఉన్న అతని సమాధి ఆ తరవాత ప్రజలు కూడే చోటయింది. ఈ ఘటనలో నాటకమంతా ఉన్నది. చట్టం చెప్పే మాటకూ ఊరిలో చెల్లే మాటకూ మధ్య ఒక శవం పడి ఉన్నది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగేనాటికి ఆ దూరాన్ని మాటలతో పూడ్చే అవకాశం పోయింది.

ఇక్కడ ఒక్క క్షణం వెనక్కు పోవాలి. తెలుగు నాటకంలో అధికారపు కుళ్ళును భాషతోనే పట్టించిన తొలి పెద్ద రచన కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరగరాసిన ఈ నాటకాన్ని కన్యావిక్రయంపై నాటకమని బడిలో చెబుతాం. సగం నాటకం దావాల మీద, దొంగసాక్ష్యాల మీద, పోలీసుల ఆశల మీద నడుస్తుందన్నది చెప్పడం మరిచిపోతాం. రామప్పపంతులు ఏ అధికారి పేరు ఎత్తినా చనువుగా ఎత్తుతాడు, ఆ చనువే అతని పెట్టుబడి. గిరీశం ఇంగ్లీషు మరీ విశేషం. అగ్నిహోత్రావధాన్లకు అర్థంకాని ఆ భాషలో గిరీశం, వెంకటేశం ఏం మాట్లాడుకున్నా ఆయనకు అది విద్వత్తుగా తోస్తుంది. కోర్టు భాష అదే గనుక, అది వచ్చినవాడు తనకు దావాల్లో పనికివస్తాడన్న ఆశకూడా ఉన్నది. ప్రేక్షకుడు నవ్వుతాడు. ఎందుకు నవ్వుతాడు? ఆ ఇంగ్లీషులో ఏమీ లేదని ప్రేక్షకుడికి తెలుసు, అవధాన్లకు తెలియదు. గురజాడవారు వాడుకభాషలో రాయకపోయి ఉంటే ఈ నవ్వు సాధ్యమయ్యేదా? అందరూ ఒకే గ్రాంథికంలో మాట్లాడితే మోసగాడి భాష, మోసపోయినవాడి భాష వేరుపడవు. వ్యావహారికోద్యమం పండితుల తగువు మాత్రమే కాదని, రంగంమీద నేరాన్ని చూపించడానికి అదొక అవసరమని నేను నమ్ముతాను.

ఈ పని నాటకకర్తలకంటె ముందే మన జానపదులు చేశారు. బుర్రకథలో కథకుడు నడుమ నిలుస్తాడు. ఇద్దరు వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు పురాణమో వీరగాథో చెబుతుంటే, రాజకీయపు వంత దానిని ఇవాళ్టి ఊరి సంగతికి తెచ్చి ముడిపెడతాడు. పైవాడి మాటను పక్కవాడు అక్కడికక్కడే ఊరి మాటలోకి దించే ఏర్పాటు ఆ కళారూపంలోనే ఉన్నది. మా జనగామ ప్రాంతపు మాణిక్యాపురంవాసి, కీర్తిశేషులు చుక్క సత్తయ్యగారి ఒగ్గుకథ విన్నవారికి తెలుసు, పాటలో ఉన్న దేవుడు మాటలోకి వచ్చేసరికి మన పక్కింటి మనిషిలాగా మాట్లాడతాడు. రాజుకైనా దేవుడికైనా ఆ వరసే.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాలనే చేతబట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావుగారి వంటి వారు దానికి నాయకులు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ 1947లో ఆ మండలి రంగంమీదికి తెచ్చింది. బందగీ బలిదానం దానికి ప్రేరణ. కోస్తా రచయితలు, కోస్తా నటులు, తెలంగాణ పల్లె కథ. సర్కారు జిల్లాల్లో ఊరూరా అనేక దళాలు దానిని ఆడాయి. అనతికాలంలోనే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఈ వివరాలు నాటక చరిత్ర పుస్తకాల్లో దొరికేవే. నేను ప్రత్యేకంగా చెప్పదలచుకొన్నది ఆ పేరులోని మొదటి అక్షరం గురించి.

ఉత్తమపురుష బహువచనంలో మన భాషకు రెండు సర్వనామాలున్నాయి. ‘మనము’ అంటే నీతో కలిపి, ‘మేము’ అంటే నిన్ను మినహాయించి. సంస్కృతానికి ఈ భేదం లేదు, ఇంగ్లీషుకూ లేదు. తరగతిలో నేను ఇది చెప్పేటప్పుడు ‘మన బడి’, ‘మా ఇల్లు’ అని ఉదాహరణలిచ్చేవాణ్ణి. పదో తరగతి పిల్లవాడికైనా అరనిమిషంలో తెలుస్తుంది. ఇప్పుడు ఆ నాటకం పేరు చూడండి. ‘మన భూమి’ అని పెట్టి ఉంటే అది దేశభక్తి. దొరకూడా కూర్చుని చప్పట్లు కొట్టవచ్చు. ‘మా భూమి’ అన్నారు. ఆ మాట ఎవరితో అంటున్నారు? మినహాయింపబడిన ఆ ‘నీవు’ ఎవరు? దొర. ‘బాంచెన్’తో మొదలయ్యే వాక్యంలో మాట్లాడేవాడికి ఆస్తి లేదు, తానే ఆస్తి. ‘మా’తో మొదలయ్యే వాక్యంలో అతడు హక్కుదారు. పహాణీలో ఒక్క గడి మారకుండానే వ్యాకరణంలో పట్టా మారిపోయింది. ఒక దీర్ఘంతో కూడిన ఆ ఒక్క అక్షరాన్ని ఏ అనువాదంలోకీ తీసుకుపోలేం. ఆ నాటకానికి భయపడ్డ ప్రభుత్వం దాని సంభాషణలకే భయపడిందని అనుకోను, ఆ పేరును గోడమీద రాసి ఉండగా చదివినా భయమే కలగాలి.

మహబూబాబాదులో పనిచేసిన రోజులు. అన్నట్టు, ఆ ఊరికి కాగితాలమీద నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు, జనం నోట మానుకోట. రెండు పేర్ల ఊళ్ళో రెండు భాషల సంగతి నేర్చుకోవడం కష్టం కాదు! బడి వార్షికోత్సవానికి వెట్టిచాకిరీ మీద చిన్న నాటిక రాసి పిల్లలచేత సాధన చేయిస్తున్నాను. పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది కనుక నా పిల్లలకు పట్వారీ అంటే ఎట్లా ఉంటాడో తెలియదు. వేషగాడు మీసం దువ్వి, గొంతు పెంచి, బల్ల గుద్ది రైతును కసురుతున్నాడు. మనవణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన ఒక ముసలాయన కాసేపు చూసి, నా దగ్గరికి వచ్చి, “సారూ, గట్ల ఒర్రెటోడు పట్వారి గాదు. ఒర్రెతందుకు సుంకరోడు ఉంటడు. పట్వారి మెల్లగ మాట్లాడుతడు. ‘ఏం బిడ్డా, పిల్లలు మంచిగున్నరా’ అని అడుగుతడు. గప్పుడే మాకు బయమైతది” అన్నాడు.

ఆ రోజు సాధన ఆపి సంభాషణలన్నీ తిరగరాశాను. పట్వారీ గొంతు తగ్గించాను. కసుర్లు తీసి కుశలప్రశ్నలు పెట్టాను. రైతు బొటనవేలికి సిరా రాసేటప్పుడు ‘చెయ్యి వణుకుతుందా, జరంత నీళ్ళు తాగు’ అని ఆప్యాయంగా అనిపించాను. ప్రదర్శన రోజున సభలో వెనక వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు ఆ చోట ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. అలంకారశాస్త్రం చదివిన నేను ఇన్నేళ్ళకు తెలుసుకొన్నది, అక్షరం రాని ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు. అధికారం నిండుగా ఉన్నచోట కేక అవసరం లేదు. మృదుభాషణమే దాని సొంత భాష.

ఆఫ్రికా ఖండపు నాటకాల గురించి చదివినప్పుడు నాకు ఈ ముసలాయనే గుర్తుకు వచ్చాడు. కెన్యాలో కామిరీతు అనే పల్లె. 1977లో అక్కడి రైతులు, కూలీలు ఒక ఆరుబయట రంగస్థలాన్ని తమ చేతులతో కట్టుకొన్నారు. గూగీ వా థియోంగో, గూగీ వా మిరీ కలిసి తమ గికూయు భాషలో రాసిన నాటకాన్ని (దాని పేరుకు ‘నాకు ఇష్టమైనప్పుడు పెళ్ళి చేసుకుంటాను’ అని అర్థం) అక్కడ ఆడారు. సాధన అందరి ముందరా జరిగేది. మా ముసలాయనలాగానే ఆ ఊరి పెద్దలు ‘ఈ వయసు మనిషి ఇట్లా మాట్లాడడు’ అని రచయితలను సరిదిద్దేవారని గూగీ తరవాత రాసుకొన్నాడు. అంతకుముందు దాకా ఇంగ్లీషులో రాసి పేరుపొందినవాడు ఆయన!

ఆ నాటకం కథ వింటే జనగామ కథే అనిపిస్తుంది. కిగూండా అనే కూలీకి ఎకరంన్నర భూమి ఉన్నది. దాని పట్టాను గోడకు దేవుడి పటంలాగా తగిలించుకొన్నాడు. ధనవంతుడైన అహాబ్ కియోయి కుటుంబం వచ్చి ఆ భార్యాభర్తలు చర్చిలో తిరిగి పెళ్ళి చేసుకోవాలని, లేకపోతే పాపమని నచ్చజెబుతారు. ఆ పెళ్ళి ఖర్చుకోసం భూమి తాకట్టుపోతుంది, ఆపైన అన్యాక్రాంతమవుతుంది. ఇక్కడ బెదిరింపు ఎక్కడున్నది? అంతా ధర్మబోధ, కుశలప్రశ్న, ఆప్యాయత. స్వాతంత్ర్యం వచ్చిన తరవాతి పాలకవర్గం విదేశీ కంపెనీలతో చేతులు కలిపి తనవారి భూమినే మింగుతున్న వైనాన్ని ఆ తియ్యటి మాటలే బయటపెడతాయి. అక్టోబరులో మొదలైన ప్రదర్శనలకు నవంబరులోనే అనుమతి రద్దయింది. డిసెంబరు 31న గూగీని అరెస్టు చేసి, విచారణ లేకుండా ఏడాదిపాటు జైల్లో ఉంచారు. 1982లో ఆ రంగస్థలాన్ని కూలగొట్టించారు. ఇంగ్లీషులో రాసినంతకాలం సహించిన ప్రభుత్వం ఇంటి భాషలో మాట్లాడేసరికి సహించలేకపోయింది.

ఈ గూగీకి మా ప్రాంతంతో ఒక బంధం ఉన్నది. జనగామ జిల్లా చిన్నపెండ్యాలలో పుట్టిన కవి వరవరరావు 1980లలో తాను జైల్లో ఉండి, గూగీ జైలు డైరీని, జైల్లో ఆయన మరుగుదొడ్డి కాగితాలమీద గికూయులో రాసిన నవలను తెలుగులోకి తెచ్చారు. ఒక జైలు గోడల మధ్య పుట్టిన మాట మరొక జైలు గోడల మధ్య తెలుగయింది. 2025 మే 28న గూగీ కన్నుమూసినప్పుడు తెలుగు పాఠకులు దగ్గరివాడు పోయినట్టు బాధపడ్డారంటే వింత లేదు.

నైజీరియా నాటకకర్త వోలె సోయింకా దారి వేరు. ఆయన ఇంగ్లీషులోనే రాశాడు. కాని ఒకే ఇంగ్లీషులో అందరినీ మాట్లాడించలేదు. ‘ది ట్రయల్స్ ఆఫ్ బ్రదర్ జీరో’ (1960)లో సముద్రతీరపు దొంగ ప్రవక్త జీరో బైబిలు వాసనవేసే సొగసైన భాష మాట్లాడతాడు. అతని శిష్యుడు చుమే, ఒక కచేరీ బంట్రోతు, ఆవేశం వస్తే పిడ్జిన్ అనే బజారుభాషలోకి జారతాడు. చివరికి ఆ తీరంలోనే ఒంటరిగా ఉపన్యాసం వల్లించుకొంటున్న పార్లమెంటు సభ్యుడిని మంత్రిపదవి జోస్యంతో జీరో వలలో వేసుకొంటాడు. మతం మాట, రాజకీయం మాట ఒకదాన్నొకటి చూసి గుర్తుపట్టే దృశ్యమది. ‘కోంగీస్ హార్వెస్ట్’ (1965)లో నియంత కోంగీ చుట్టూ చేరిన పండితమండలి శాస్త్రీయత, ప్రగతి అంటూ అర్థంలేని పదాలు పేరుస్తుంది. బందీ అయిన ముసలి రాజు సామెతలతో జవాబిస్తాడు. నినాదానికీ సామెతకూ జరిగే ఆ పోరులో ఎవరి భాష బోలుదో వినేవాడికి తెలిసిపోతుంది. దక్షిణాఫ్రికాలో ఆథోల్ ఫుగార్డ్, జాన్ కాని, విన్‌స్టన్ న్‌ట్షోనా కలిసి రూపొందించిన ‘సిజ్వే బాన్సీ ఈజ్ డెడ్’ (1972)లో కారు కర్మాగారపు దొర మాటలను కూలీ ఒకడు తోటివారికి వాళ్ళ భాషలోకి తర్జుమా చేస్తాడు. దొర చెప్పేది ఒకటి, ఇతడు చెప్పేది మరొకటి, జనం నవ్వుతారు. చూడండి, మన బుర్రకథలో రాజకీయపు వంత చేసే పని కాదూ ఇది?

ఇంతదాకా వచ్చాక ఒక అపార్థానికి తావివ్వకూడదు. దోషం ఉర్దూదీ కాదు, ఇంగ్లీషుదీ కాదు. తెలంగాణ రైతు పోరాటంపై ‘జబ్ ఖేత్ జాగే’ నవల రాసిన కృష్ణచందర్ ఉర్దూ రచయితే. మఖ్దూం మొహియుద్దీన్ కవిత్వం ఉర్దూనే. ప్రాణమిచ్చిన బందగీ ఇంటిభాషా మనకు పరాయిది కాదు. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ సినిమాకు మూలం ఆ ఉర్దూ నవలే. ఒక బెంగాలీ దర్శకుడు, ఒక ఉర్దూ కథ, రంగంమీద వినిపించేది మాత్రం అచ్చమైన తెలంగాణ పలుకు. అంతకు మూడేళ్ళ ముందు వచ్చిన ‘చిల్లర దేవుళ్ళు’ సినిమాకు మూలమైన నవల రాసిన దాశరథి రంగాచార్యగారిది మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు. గడీలోని మాటతీరును ఆయన చెవితో పట్టి రాశారు. ఏ భాష అయినా తలుపు తెరిచి ఉంటే ఇల్లే, తాళంవేస్తే గడీ. తాళం వేసింది భాష కాదు, దాని వెనక కూర్చున్న మనిషి.

మరి ఇప్పుడు? దేశముఖులు పోయారు, జాగీర్లు 1949లో రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, పట్వారీలూ పోయారు. కచేరీలో తెలుగు వచ్చింది. 2020లో భూముల లెక్కలు ధరణి పేరుతో కంప్యూటరుకెక్కాయి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అయినా పదవీవిరమణ చేసిన నా దగ్గరికి ఇప్పటికీ మనుషులు కాగితాలు పట్టుకొని వస్తారు. భూపాలపల్లి వైపునుంచి నా పాత శిష్యుడొకడు తన తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. శిష్యుడు డిగ్రీ చదివినవాడు. కాగితం తెలుగులోనే ఉన్నది. సాదాబైనామా, మ్యుటేషన్, నిషేధిత జాబితా, పెండింగు, తిరస్కరణ. లిపి తెలుగు, మాటల్లో సగం తెలుగు కావు, తెలుగైన సగమూ ఎవరూ మాట్లాడేవి కావు. “ఏ కచేరీకి పోయినా మంచిగనే మాట్లాడిన్రు సార్, పని అయితది అంటున్రు” అన్నాడు ఆ తండ్రి. ‘అయితది’. కర్త లేని క్రియ. ఎవరు చేస్తారో, ఎప్పుడు చేస్తారో ఆ మాటలో లేదు. నాకు మానుకోట ముసలాయన హెచ్చరిక చెవిలో మోగింది: మెల్లగా మాట్లాడుతున్నారు.

ఆ కాగితం నేను చదివి, మామూలు మాటల్లో (మామూలు అన్న మాటను ఇక్కడ దాని మంచి అర్థంలోనే వాడుతున్నాను) చెప్పాను. ఏ వాక్యానికి కర్త ఎవరో అడిగి రమ్మన్నాను. తెలుగు పంతులు ఇంతకంటె ఏం చేయగలడు? కాని ఇది ఒక్క పంతులు ఒక్క ఇంటి అరుగుమీద కూర్చుని చేసే పని కాదు. ఇది నాటకం చేయవలసిన పని. మన నాటకాల్లో ఇప్పటికీ లంచగొండి అధికారి అంటే పొట్ట, మీసం, వెకిలినవ్వు. అటువంటివాణ్ణి చూసి నవ్వుకొని ఇంటికి పోతాం, మరునాడు కచేరీలో సన్నగా, మర్యాదగా, కర్మణి వాక్యాల్లో మాట్లాడే మనిషి ఎదురైతే గుర్తుపట్టం. అతని భాషను విని, రాసుకొని, రంగంమీదికి తెచ్చి, పక్కన ఒక వంతను నిలబెట్టి దాని అర్థం చెప్పించే నాటకకర్తలు ఊరికొకరు కావాలి.

మిత్రులారా, మీ మీ ప్రాంతాల్లో లంచానికి, వెట్టికి, కాగితపు మోసానికి వాడే ముద్దుపేర్లు ఏమేమున్నాయో గుర్తుచేసుకొని రాసి పెట్టండి. నిఘంటువుల్లోకి ఎక్కని మాటలవి. వాటిని పోగుచేస్తే, ఏ చరిత్ర పుస్తకమూ చెప్పని చరిత్ర అందులో ఉంటుంది.